ఉపవాసం ఉండలేని ప్రాణి

1999 చివరి నెలలు. సింగపూర్‌లో, క్లెమెంటి ట్రైన్ స్టేషన్‌కి నడిచి వెళ్ళగలిగేంత దూరంలో, రెండు దుకాణాల వెడల్పున్న ఒక పెంపుడు జంతువుల క్లినిక్‌లో నేను రెండో డాక్టర్ని. మొదటి డాక్టరూ, యజమానురాలూ డాక్టర్ లిమ్. యాభై దాటిన చైనీయ మహిళ. పొట్టి జుట్టు, తక్కువ మాట. ఆ రోజుల్లో అక్కడి తెలుగువాళ్ళంతా దాదాపు ఒకే పనిమీద ఉండేవాళ్ళు. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లు తేదీ తప్పి ఆగిపోతాయన్న భయంతో, వాటిని ముందే సరిచేయించడానికి బ్యాంకులు మనవాళ్ళని విమానాల్లో దింపుకుంటున్నాయి. మా ఆవిడ సుజాత అలా వచ్చింది. నేను ఆమె వెంట వచ్చాను.

"వెంట వచ్చాను" అని ఇప్పుడు తేలిగ్గా రాస్తున్నాను గానీ అప్పుడది గొంతులో ముల్లు. ప్రకాశం జిల్లాలో నేను ప్రభుత్వ పశువైద్యుణ్ణి. గేదె ఈనలేక అవస్థ పడుతుంటే భుజం దాకా చెయ్యి పెట్టి దూడను తిప్పి లాగినవాణ్ణి. నేను నడిచొస్తే అరుగుల మీద మనుషులు లేచేవారు. ఇక్కడ ఎవరింటికి భోజనానికి వెళ్ళినా, "సుజాత గారి హస్బెండా? మీరే మాడ్యూల్ మీద చేస్తున్నారండీ?" అని అడిగేవారు. కుక్కలూ పిల్లులూ అని చెబితే నవ్వు ఆపుకోవడానికి ప్లేటులోకి చూసేవారు. అందుకేనేమో, క్లినిక్‌లో తెల్లకోటు తొడుక్కోగానే నా గొంతు ఒక మెట్టు పైకి వెళ్ళేది. తెలియని చోట కూడా తెలిసినట్టే మాట్లాడటం అప్పుడే ఒంటబట్టింది.

పశువైద్యం అంటే సూదిమందు అనుకుంటారు చాలామంది. ఫ్లాట్లలో పెరిగే జంతువుల విషయంలో సగం వైద్యం తిండే. అందుకే వచ్చిన ప్రతి పిల్లికీ ముందు డైట్ హిస్టరీ రాసుకుంటాం. ఏం తింటుంది, ఎంత, ఎన్నిసార్లు, ఎవరు పెడతారు అన్నది. తర్వాత రెండు అరచేతులూ పక్కటెముకల మీద ఆనించి చూస్తాం. చాచిన మన చేతి వెనకవైపు తడిమితే తగిలినట్టు ఎముకలు తగిలితే ఒళ్ళు సరిగ్గా ఉన్నట్టు. ఎంత తడిమినా తగలకపోతే కొవ్వు పట్టినట్టు.

డిసెంబరు మొదట్లో, రంజాన్ నెల ఇంకో రెండు రోజుల్లో మొదలవుతుందనగా, ఒక మధ్యాహ్నం నఫీసా గారు వచ్చారు. కూరగాయలకు తీసుకెళ్ళే చక్రాల సంచీని లాక్కుంటూ లోపలికి వచ్చి, తలుపు మూసుకున్నాక గానీ దాన్ని తెరవలేదు. పైన పాలకూర కట్టలు. పాలకూర కింద తువ్వాలు. తువ్వాలు కింద పిల్లి.

ఆ పాలకూర ఎందుకో చెప్పాలి. ప్రభుత్వం కట్టించిన ఫ్లాట్లలో అప్పట్లో పిల్లిని పెంచకూడదని నియమం. అయినా పెంచుకునేవాళ్ళు గుట్టుగా పెంచుకునేవారు. మా దగ్గరికి పిల్లులు సంచుల్లో, పసిపిల్లల బండ్లలో, ఒకసారైతే రైస్ కుక్కర్ అట్టపెట్టెలో వచ్చాయి.

"తెలుగేనా డాక్టర్ సాబ్? బోర్డు మీద పేరు చూసి వచ్చిన. ఇంగ్లీషుల బీమారి చెప్పాల్నంటె నాకు నోరు తిరగదు" అన్నారామె.

వరంగల్‌లో పుట్టి హైదరాబాద్‌లో మెట్టిన మనిషి. ముప్పై అయిదేళ్ళుంటాయి. భర్త కరీం గారు ఒక బ్యాంకు కంప్యూటర్ విభాగంలో పని. ఇంట్లో పిల్లికి ఎవరెవరు పెడతారని అడిగితే, "నేను, ఆయన. ఇంకెవరున్నరు?" అన్నప్పుడు వాళ్ళకి పిల్లలు లేరని అర్థమైంది.

పిల్లి పేరు పాషా. నారింజ రంగు మగపిల్లి, తోక చివర విరిగినట్టు వంకర. అక్కడి వీధి పిల్లుల్లో చాలావాటికి పుట్టుకతోనే ఉండే వంకర అది. టేబుల్ మీద పెడితే పూరీపిండి ముద్దలా పరుచుకున్నాడు. ఏడు కిలోలకు పైనే తూగాడు.

"ఇది పిల్లి కాదమ్మా, దిండు."

"అట్లనకుండ్రి సాబ్, వింటడు. మనసుల పెట్టుకుంటడు."

"ఏం పెడుతున్నారు?"

"పొద్దుగాల ఉడకబెట్టిన మటన్ ఖీమా. ఉప్పు లేకుంట, ఉల్లిగడ్డ లేకుంట. ఉల్లిగడ్డ పిల్లికి జహర్ అని నాకు తెలుసు. పగటిపూట గిన్నెనిండ ఆ దుకాణం గింజలు. సాయంత్రం కొంచెం మలై."

"కొంచెమంటే?"

"పాల మీద ఎంత కడితె అంత."

"రాత్రి?"

"ఆయన వచ్చి మళ్ళ పెడ్తరు. నేను పెట్టలేదనుకుంటరు."

సోఫా మీదికి ఎగరలేకపోతున్నాడనీ, వీపు నాక్కోవడానికి మెడ తిరగడం లేదనీ ఆమె బాధ. అది న్యాయమైన బాధే. బరువు తగ్గించకపోతే మధుమేహం వచ్చే వాలకం. నేను అరలోంచి బరువు తగ్గించే మేత సంచీ ఒకటి తీసి ఇచ్చాను. బూడిదరంగు గింజలు, అట్టముక్క వాసన.

"ఖీమా బంద్, మలై బంద్. రేపట్నుంచి ఇదొక్కటే."

"తినకపోతె?"

"ఆకలేస్తే అదే తింటుంది. గిన్నెలో పోసి మీరు అక్కణ్ణుంచి వచ్చేయండి. ఏడ్చినా కరగొద్దు. మా ఊళ్ళో గేదె మేత ముట్టకపోతే ఒక పూట పస్తు పెడతాం, మర్నాడు గడ్డివామి మింగేస్తుంది. లంఖణం పరమౌషధం అని ఊరికే అన్నారా?"

"నిజమే సాబ్. మా అమ్మ గూడ అంటుండె, రోజాలుంటె సగం రోగాలు పోతయని. ఎల్లుండి సంది మాకు రంజాన్. నాకూ పాషాకూ ఒక్కసారే పథ్యం!"

ఇద్దరం నవ్వుకున్నాం. ఉపవాసాన్ని నమ్మే ఇళ్ళలో పెరిగినవాళ్ళం ఇద్దరం. మా ఇంట్లో ఏకాదశి, వాళ్ళింట్లో రంజాన్. ఆకలి మనిషిని శుభ్రం చేస్తుందన్న ఆ నమ్మకం మా ఇద్దరి మధ్యా టేబుల్ మీద పడుకుని ఉన్న ప్రాణికి కూడా వర్తిస్తుందా అని ఎవరికీ తోచలేదు. తోచవలసింది నాకు.

నాలుగైదు రోజుల తర్వాత ఫోన్ చేశారు. నా గదిలో ఒక కుక్క మొరుగుతోంది, బయట ఇంకో ఇద్దరు కూర్చుని ఉన్నారు.

"పాషా ముడ్తలేడు సాబ్. వాసన చూస్తడు, పంజాతోటి నేల గీకి పోతడు. మూత్రం మీద మట్టి కప్పినట్టు చేస్తుండు."

"నీళ్ళు తాగుతున్నాడా?"

"తాగుతుండు."

"అయితే భయం లేదు. మొండితనం. మీరు ఓడిపోకండి."

వెనకనుంచి కరీం గారి గొంతు వినబడింది. ఆమె నవ్వుతూ ఆ మాట నాకు చేరవేశారు. "ఆయన అంటున్నరు, పాషా మాకన్న పక్కా రోజా ఉంటుండట. మేము పొద్దుగూకి మగ్రిబ్ కాంగనె విడుస్తం, వీడు అప్పుడు గూడ విడుస్తలేడు."

నేను గట్టిగా నవ్వాను. ఒక్క గింజైనా తిన్నాడా అని అడగలేదు. ఆ జోకు బాగుందని ఇంటికెళ్ళి సుజాతకు కూడా చెప్పాను. ఆమె నవ్వలేదు.

"అన్ని రోజులు తినకుండా ఉండొచ్చాండీ పిల్లి?"

"నీ కోడు నువ్వు చూసుకో. నా పేషెంటుని నాకొదిలెయ్."

ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ ముఖం వేడెక్కుతుంది.

వారం దాటాక నఫీసా గారు మళ్ళీ వచ్చారు. ఈసారి సంచీలో పాలకూర లేదు. సంచీయే లేదు. పాషాను తువ్వాలులో చుట్టి, గుండెకి హత్తుకుని, నట్టనడి వీధిలోంచి నడిచి వచ్చారు. ఎవరు చూస్తారన్న భయం పోయిందంటే లోపల అంతకన్న పెద్ద భయం ఉన్నట్టు.

టేబుల్ మీద పడుకోబెడితే పాషా నోట్లోంచి చొంగ కారుతోంది. వెన్నెముక వేలికి గుచ్చుకుంటోంది, పొట్ట మాత్రం ఇంకా వేలాడుతోంది. చెవి వెనక్కి మడిచి చూశాను. లోపలి చర్మం పసుపునీళ్ళలో ముంచి తీసినట్టుంది. చిగుళ్ళూ అంతే. పచ్చకామెర్లు. డాక్టర్ లిమ్‌ని పిలిచాను.

ఆమె పాషాను తల నుంచి తోక దాకా తడిమింది. "ఎన్నాళ్ళుగా తినలేదు?"

"వారం దాటింది" అన్నాను.

"ఎందుకు ఆగారు?"

నేను నోరు తెరిచేలోపలే నఫీసా గారు తనకొచ్చిన ఇంగ్లీషులో, "నాదే తప్పు డాక్టర్. మాకు ఉపవాసాల నెల. నేను చూసుకోలేదు" అన్నారు.

గదిలో ముగ్గురం ఉన్నాం. నిజం తెలిసినవాడు మాట్లాడలేదు.

డాక్టర్ లిమ్ సన్నటి సూదితో కాలేయంలోంచి చిటికెడు తీసి గాజుపలక మీద పరిచి, రంగు వేసి, మైక్రోస్కోప్ కింద పెట్టింది. చూడమని నాకు చోటిచ్చింది. కాలేయ కణాలు ఎలా ఉంటాయో పుస్తకంలో చూశాను. ఇక్కడ కణాలు కనిపించలేదు. ఉడికిన సగ్గుబియ్యంలా గుండ్రటి తెల్ల బుడగలు, పలకనిండా. అంతా కొవ్వే.

"హెపాటిక్ లిపిడోసిస్" అంది. కాలేయం కొవ్వులో మునిగిపోయే జబ్బు. పేరు నాకు తెలుసు, పరీక్షలో రాశాను కూడా. కళ్ళారా చూడటం అదే మొదలు.

"రావ్, ఇది ఆవు కాదు లా" అంటూ, అక్కడివాళ్ళు మాట చివర తగిలించే ఆ "లా"తో, ఆమె మొదలుపెట్టింది. ఎప్పుడూ రెండు ముక్కలతో సరిపెట్టే మనిషి ఆ రోజు చాలాసేపు చెప్పింది. మనిషికి తిండి అందకపోతే ఒళ్ళు పొదుపు మొదలుపెడుతుంది. మంట తగ్గించుకుని, ఉన్నది కొంచెం కొంచెంగా వాడుకుంటుంది. కుక్క కూడా అంతే. పిల్లికి ఆ పొదుపు రాదు. రోజుకు నాలుగైదుసార్లు వేటాడి, వేటాడినప్పుడల్లా మాంసం తిన్న వంశం అది. దాని కాలేయం పగలూ రాత్రీ మాంసకృత్తుల్ని కాలుస్తూనే ఉండాలి, ఆ మంట తగ్గించే మీట దానికి లేదు. తిండి ఆగిపోగానే ఒళ్ళు తన కొవ్వుని కరిగించి కాలేయానికి పంపుతుంది. ఆ వరదని కాలేయం వాడుకోలేదు, బయటికీ నెట్టలేదు. మునిగిపోతుంది. పిల్లి ఎంత లావుంటే వరద అంత పెద్దది.

నేను మళ్ళీ కంటిని మైక్రోస్కోప్‌కి ఆనించాను. ఒంటినిండా నెలలకి సరిపడా నిల్వ ఉన్న ప్రాణి, ఆ నిల్వలోనే మునిగి ఆకలితో చచ్చిపోతోంది. ఎన్నో వేల పశువుల్ని ముట్టుకున్నాను. ప్రాణుల ఒళ్ళన్నీ ఒకే నియమానికి తలవంచుతాయనీ, ఆ నియమం నాకు తెలుసనీ అనుకునేవాణ్ణి. ఆ బుడగల ముందు మొదటిసారి నాకు, దేవాలయంలో గర్భగుడి తలుపు తీసినప్పుడు కలిగేలాంటి జంకు కలిగింది.

"మందు?" అన్నాను.

"తిండి" అంది డాక్టర్ లిమ్. "అంతే. తిండి ఆగడమే జబ్బు, తిండే మందు. వాడు తినడు కాబట్టి మనం తినిపించాలి. వారాలు పట్టొచ్చు. బతకొచ్చు, బతక్కపోవచ్చు."

సెలైన్ ఎక్కించి, కాస్త నిలదొక్కుకున్నాక, మెడ పక్కనుంచి అన్నవాహికలోకి మెత్తటి గొట్టం వేశాం. ఫీడింగ్ ట్యూబ్ అంటారు. నోటితో పని లేకుండా సిరంజీతో పల్చటి తిండి నేరుగా పొట్టలోకి పంపడానికి.

నఫీసా గారు బయట బల్ల మీద తస్బీ, అంటే వాళ్ళ జపమాల, తిప్పుకుంటూ కూర్చున్నారు. నన్ను చూడగానే లేచారు.

"సాబ్, ఒక మాట అడుగుత. నోరులేని జానవర్‌ను ఆకలికి మాడ్చిన. అదీ రంజాన్‌ల. నా రోజాలు అల్లాకు ఖబూలైతయా?"

అప్పటికి నా మౌనం నన్ను తగినంత కోసింది. "అది మీ తప్పు కాదమ్మా. ఆగమన్నది నేను. ఫోన్లో నవ్వింది నేను. ఇందాక లోపల నోరు మూసుకున్నదీ నేనే."

ఆమె చేతిలో తస్బీ పూసలు ఆగిపోయాయి.

"పిల్లి తినకుంట ఉండొద్దని నాకు తెల్వకపాయె. మీకు తెల్వాలె గద సాబ్?"

"తెలియాలి."

"నేను రోజు ఆని ముంగట కూసోని, తిను బేటా తిను అని ఏడ్సిన. లేసి పోయి ఖీమా పెడదామనుకున్న. డాక్టర్ సాబ్ వద్దన్నరు గద అని చేతులు కట్టుకున్న."

"క్షమించండి."

"మాఫీ తర్వాత అడుగుండ్రి. ముందుగాల ఆణ్ణి నిలవెట్టుండ్రి."

లోపలికెళ్ళి డాక్టర్ లిమ్‌కి కూడా చెప్పాను. ఆమె చేతులు కడుక్కుంటూ విన్నది, తుడుచుకుంటూ, "అయితే ఈ పిల్లి నీది. ఇంటికి పంపాక రోజూ నువ్వే వెళ్ళి చూడు" అంది.

వెళ్ళాను. రోజూ సాయంత్రం క్లినిక్ అయ్యాక, వాళ్ళు రోజా విడిచే వేళకి కొంచెం ముందు. పిల్లి సంగతి బయటపడకూడదని మామూలు బట్టల్లో, భుజానికి ఆఫీసు బ్యాగు తగిలించుకుని, చుట్టంలా వెళ్ళేవాణ్ణి. రెండో రోజో మూడో రోజో లిఫ్టులో వాళ్ళ పక్కింటి చైనీయ ఆంటీ కలిసింది.

"నువ్వు ఆమె బ్రదరా?"

"అవును ఆంటీ."

"ఓ. మరి పిల్లికి తగ్గిందా?"

ఆ అంతస్తంతా తెలుసు. ఎవరూ ఫిర్యాదు చేయలేదు, అంతే. ఆ మాట చెబితే నఫీసా గారు తల పట్టుకుని, "యా అల్లా, అన్ని పాలకూర కట్టలు దండగైనయి!" అన్నారు. పాషా జబ్బుపడ్డాక ఆమె నవ్వడం అదే మొదటిసారి.

తినిపించే పద్ధతి ఇలా. జబ్బు జంతువుల కోసం చేసిన బలమైన డబ్బా మేత, దానికి ఉడికించిన చికెన్, కొంచెం నీళ్ళు. మిక్సీలో మెత్తగా తిప్పి, చాయ్ జల్లెడలో వడగట్టి, ఒంటివేడికి వెచ్చచేసి, సిరంజీతో మెల్లగా. తొందరపడితే వాంతి. ముందు కాస్త నీళ్ళు, చివర కాస్త నీళ్ళు, గొట్టం మూసుకుపోకుండా. మొదట్లో చాలా కొద్దిగా, రోజురోజుకీ కాస్త పెంచుతూ. ఎండిన ఒంట్లోకి ఒక్కసారి తిండి గుమ్మరించినా ప్రమాదమే.

తెల్లవారకముందు తిన్నది తప్ప గుక్కెడు నీళ్ళైనా ముట్టని నఫీసా గారు, రోజంతా మాంసం ఉడికించి, రుబ్బి, వడగట్టేవారు. ఆ వాసన వంటింటి నిండా ఉండేది. వేలికి అంటుకున్నది అలవాటుగా నోటి దాకా వెళ్ళి ఆగిపోవడం నేను చూశాను. వేడి సరిపోయిందో లేదో చూడటానికి ఒక బొట్టు మణికట్టు మీద వేసుకునేవారు. పిల్లిని ఒళ్ళో పెట్టుకుని, పెదాలెండిపోయి, సిరంజీ నొక్కుతూ కూర్చున్న ఆమెకి నేను గిన్నె అందించేవాణ్ణి. ఒకరి ఆకలి ఇంకొకరి కడుపులోకి తిండిగా మారడం అంటే ఏమిటో నా కళ్ళ ముందు జరుగుతోంది. ఉపవాసం గురించి నేను అంతవరకు అనుకున్నదంతా చాలా చిన్నదని తెలిసింది.

కరీం గారు వచ్చినప్పుడల్లా గుమ్మంలోంచే అడిగేవారు. "ఎట్లున్నడు మావోడు?" తర్వాత నావైపు తిరిగి, "మా ఆఫీసుల అందరు ఒకటో తారీఖు సర్వర్లు ఆగొద్దని దువా చేస్తున్నరు డాక్టర్ సాబ్. మా ఇంట్ల ఒక్క లివర్ ఆగొద్దని. మాదే చిన్న ప్రాజెక్టు" అనేవారు. నవ్వించడానికే అనేవారు. ఫోన్లో తను వేసిన జోకుని ఆయన కూడా మరిచిపోలేదని ఆ కళ్ళే చెప్పేవి.

కొత్త సంవత్సరం వచ్చింది. కంప్యూటర్లేవీ ఆగలేదు. పాషా చెవుల్లో పసుపు కొంచెం పలచబడింది. కానీ నోటితో తినడు. గొట్టంతో ఎన్నాళ్ళు? తనంతట తను తింటేనే బతికినట్టు. ఒకప్పుడు ప్రాణంగా తిన్న ఖీమా పెడితే ముఖం తిప్పుకుని, చొంగ కార్చాడు. దాన్ని ఫుడ్ అవర్షన్ అంటారు. ఒంట్లో బాగాలేనప్పుడు ముందు పెట్టిన తిండినే ఆ బాధకు కారణమని జంతువు గుర్తుపెట్టుకుని, ఇక దాన్ని ముట్టకపోవడం. చికెన్ వద్దన్నాడు. మూడు నాలుగు రకాల డబ్బాలు వద్దన్నాడు. నఫీసా గారి ముఖంలో ఆశ తగ్గిపోవడం చూడలేక, డాక్టర్ లిమ్‌ని అడిగాను.

"చిన్నప్పుడు ఎక్కడ పెరిగాడు?" అందామె. "మొదటి వారాల్లో తల్లి ఏం తింటే, తల్లి నోటి దగ్గర ఏ వాసన వస్తే, అదే తిండి అని పిల్ల నేర్చుకుంటుంది. ఆ పాఠం మరిచిపోదు. కనుక్కో."

ఇన్నాళ్ళూ డైట్ హిస్టరీ రాస్తున్నాను. ఒక పిల్లికి మన ఇంటికి రాకముందు కూడా ఒక జీవితం ఉంటుందని నేను రాసుకోలేదు.

"పాషానా? ఆంగ్ మో కియో మార్కెట్‌ల దొరికిండు సాబ్" అన్నారు నఫీసా గారు. "మేము మొదట ఆడ ఉంటుంటిమి. చేపల దుకాణం బల్ల కింద ఆని అమ్మ ఈనింది. ఆమె ఏమైందో ఏమో, వీడొక్కడే మిగిలిండు. తీసుకొచ్చుకున్న."

"ఎప్పుడైనా చేప పెట్టారా?"

ఆమె దుపట్టాతో ముక్కు మూసుకున్నారు, చేప అక్కడ ఉన్నట్టే. "మా ఇంట్ల చేప రాదు సాబ్. ఆ వాసన నాకు పడదు. కడుపుల తిప్పుతది."

నేను కోస్తావాణ్ణి, నాకా భయం లేదు. మర్నాడు పొద్దున్నే మార్కెట్‌కి వెళ్ళి చిన్న చేపలు అడిగాను. చేపలాయన ఇకాన్ కునింగ్ అని అక్కడివాళ్ళు పిలిచే పసుపుచార చేపల కుప్ప చూపించాడు.

"పిల్లికా, మనిషికా?"

"పిల్లికి."

"అయితే మంచివి ఏరి ఇస్తా. మనుషులు ఏది ఇచ్చినా తింటారు."

ఆ సాయంత్రం నఫీసా గారు దుపట్టా ముక్కుకి బిగించి కట్టుకుని, ఇక వంటకి వాడని ఒక పాత గిన్నె తీసి, ఉప్పు లేకుండా ఆ చేపల్ని ఉడికించారు. కిటికీలన్నీ తెరిచారు. రెండుసార్లు బాత్రూమ్ దాకా పరిగెత్తి వచ్చారు. నేను ముళ్ళు తీస్తానంటే ఒప్పుకోలేదు. "నా చేతి వాసన గూడ ఉండాలె సాబ్" అని తనే తీశారు. వెచ్చటి చేపముక్కలు చిన్న పళ్ళెంలో పెట్టి పాషా పక్కన ఉంచి, మేం ముగ్గురం దూరంగా చాప మీద కూర్చున్నాం. తేదీల భయం తీరిపోయింది కాబట్టి కరీం గారు చాలా వారాల తర్వాత వెలుతురుండగా ఇంట్లో ఉన్నారు. మా మధ్య ఖర్జూరాల పళ్ళెం, నీళ్ళ గ్లాసులు.

రేడియోలో మగ్రిబ్ అజాన్ మొదలైంది. నఫీసా గారు ఖర్జూరం చేతిలోకి తీసుకున్నారు.

అప్పుడు పాషా ముక్కు కదిలింది. తల ఎత్తలేదు, ముక్కు ఒక్కటే. మళ్ళీ కదిలింది. ముందుకాళ్ళ మీద లేచి, గొట్టం కట్టిన మెడతోనే వంగి, పళ్ళెం అంచుని ఒకసారి నాకాడు. ఆగాడు. తర్వాత ఒక ముక్క నోట్లోకి తీసుకున్నాడు.

అజాన్ అయిపోయింది. "నఫీసా, రోజా విడువు" అన్నారు కరీం గారు మెల్లగా. ఆమె కదలొద్దన్నట్టు వేలు చూపించారు. ఖర్జూరం ఆమె వేళ్ళ మధ్య అలాగే ఉంది. గదిలో పాషా నమిలే చప్పుడు తప్ప మరేమీ లేదు. పొట్టలోంచి, మెడలోంచి, ఎక్కడో మూసుకుపోయిన తలుపుల్లోంచి బతుకు ఆ చప్పుడుతో తిరిగి వస్తున్నట్టుంది. నేను పుట్టించిన దూడలు వందలున్నాయి. ఏ పుట్టుకా నన్ను అంతగా ఒణికించలేదు. పళ్ళెంలో సగం తిని, మూతి తుడుచుకుని, పాషా పక్కకి వాలాడు.

"ఇప్పుడు విడుస్త" అని ఆమె ఖర్జూరం నోట్లో పెట్టుకున్నారు. కళ్ళు మూసుకునే ఉన్నారు.

ఆ తర్వాతి కథ నిదానంగా నడిచింది. గొట్టం తీసేశాం. చేప ఒక్కటే పూర్తి తిండి కాదు. పిల్లికి టారిన్ అనే పోషకం రోజూ కావాలి, గుండెకీ కంటికీ. విటమిన్లు కావాలి, అవన్నీ సరైన పాళ్ళలో ఉన్న తిండి కావాలి. అందుకని పిల్లుల కోసం తయారైన తడి డబ్బా మేత ఒకటి ఎంచుకున్నాం. మొదట చేపలో చిటికెడు మేత కలిపాం. తర్వాత మేతలో చిటికెడు చేప. ఈసారి ఎంచింది నేను కాదు, నాలుగు పళ్ళేలు పెట్టి పాషానే అడిగాం. పెట్టే మనిషి ఒక్కరే అని భార్యాభర్తలు ఒప్పందం చేసుకున్నారు. బరువు నెలనెలా కొంచెం కొంచెంగా, ఏడాది దాటినాక గానీ సరైన చోటికి రాలేదు. కాలేయం మాత్రం ఎప్పుడో కోలుకుంది. కొవ్వులో మునిగిన ఆ అవయవం, తిండి అందగానే, మచ్చ కూడా మిగలకుండా తేరుకుంది. రక్తపరీక్ష చేతిలో పట్టుకుని నేను ఎంతసేపు నిలబడ్డానో గుర్తులేదు.

ఈద్ అయ్యాక ఒక రోజు నఫీసా గారిని మాఫీ అడిగాను. ఆమె పాషా వైపు చూపించారు. "ఆణ్ణి అడుగుండ్రి." నేను చెయ్యి చాపాను. వాడు నా వేళ్ళు శ్రద్ధగా వాసన చూసి, లేచి, వీపు నావైపు పెట్టి కిటికీ దగ్గర కూర్చున్నాడు.

"ఇయ్యలేదు సాబ్" అన్నారామె, నవ్వుతూనే. ఇవ్వకపోవడమే నాకు సబబనిపించింది.

పిల్లికి ఏ తిండి మంచిదని ఇప్పటికీ అడుగుతుంటారు. లావుగా ఉంటే తగ్గించండి, కానీ మెల్లగా, పాతదానిలో కొత్తది కలుపుతూ. ఒక రోజంతా ఏమీ ముట్టకపోతే మర్నాటి దాకా ఆగకుండా ఫోన్ చేయండి, ఎంత చిన్న విషయమనిపించినా సరే. ఇంతవరకు ఏ పుస్తకమైనా చెబుతుంది. నేను నేర్చుకున్నది ఇంకొకటి. తిండి మానేసిన ప్రాణిని చూసి మొండితనం అన్నానంటే, నేను దాన్ని నాతో పోల్చుకుంటున్నానన్నమాట. దాని ఒళ్ళుని వేరే చెయ్యి మలిచింది. ఆ చెయ్యి ఎందుకలా చేసిందో నాకు పూర్తిగా తెలియదని ఒప్పుకున్నాకే నేను పిల్లుల డాక్టర్ని అయ్యాను.